బ్లాక్‌బర్డ్: పాటగానా, సెట్ డాన్స్‌గానా, హార్న్‌పైప్‌గానా?

ఐరిష్ సంప్రదాయ సంగీతం వాయించేవారి దగ్గరకు వెళ్లి "బ్లాక్‌బర్డ్ వాయిస్తారా?" అని అడిగితే, అనుభవమున్నవారు వెంటనే కమాను తీగ మీద పెట్టరు, ఏ బ్లాక్‌బర్డ్ కావాలో ముందుగా అడుగుతారు. ఆ ఒక్క పేరు కింద తాళానికి లొంగని నెమ్మదైన పాట వరుస ఒకటి, నర్తకి గట్టి బూట్లతో నేలను మోగించే సెట్ డాన్స్ ఒకటి, పదిమంది చుట్టూ కూర్చుని కలిసి వాయించుకునే హార్న్‌పైప్ ఒకటి ఉన్నాయి. వేగం పెంచి రీల్‌గా, అంటే పరుగులాంటి నాట్య వరుసగా, మార్చుకున్నవారూ ఉన్నారు. వీటన్నిటికీ ధాతువు ఒక్కటే అయినా, ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది చేతికి రాదు. పొరపాటున తనకు పనికిరాని రూపాన్ని పట్టుకున్నవారికి, నెలల తరబడి సాధన చేసి ఎవరి ముందైనా వాయించినప్పుడు గాని ఆ సంగతి తెలియదు.

వయొలిన్, ఫ్లూట్, టిన్ విజిల్ వంటి వాద్యం మీద ఈ వరుసను నేర్చుకోదలచినవారికి, ఐరిష్ నాట్యం నేర్చుకుంటున్న పిల్లలకు పక్కవాద్యం వాయించవలసి వచ్చినవారికి ఏ రూపం ఎప్పుడు తగినదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయాన్ని దాచి చివర్లో చెప్పడం నాకు ఇష్టం లేదు కనుక ఇక్కడే చెబుతున్నాను. మీకు చివరికి కావలసింది సెట్ డాన్సే అయినా, హార్న్‌పైపే అయినా, ముందుగా పాట వరుసను చెవికెక్కించుకోండి. అందుకు కారణం ఈ వరుసలో దాగి ఉన్న ఒక అర బార్ (బార్ అంటే ఈ వరుసలో నాలుగు దెబ్బల ముక్క). దాని దగ్గరకు కొంచెం తరువాత వస్తాను.

పేరు గురించి

బ్లాక్‌బర్డ్ అంటే ఐర్లండ్ తోటల్లో, పొదల్లో తెల్లవారకముందే పాడే నల్లని పిట్ట. ఐరిష్ భాషలో దానిని లోన్‌దువ్ అంటారు. అయితే ఈ పాటలోని పిట్ట పిట్ట కాదు. 1688లో సింహాసనం పోగొట్టుకున్న ఇంగ్లండు రాజు రెండవ జేమ్స్ కుమారుడు జేమ్స్ ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ స్టువర్ట్‌ను అతని పక్షంవారు ఆ పేరుతో పిలుచుకున్నారని సంప్రదాయం చెబుతుంది. రాజద్రోహం కింద పట్టుబడకుండా రాజును తలచుకోవడానికి పిట్ట పేరు పనికివచ్చింది. ఒక స్త్రీ దూరమైన తన నల్లపిట్ట కోసం శోకించడమే పాటలోని విషయం. పైకి చూస్తే అది విరహగీతం, లోపల రాజకీయగీతం. నిందాస్తుతులకూ, రెండర్థాల పద్యాలకూ అలవాటు పడిన తెలుగు పాఠకుడికి ఇటువంటి ఏర్పాటు కొత్తగా అనిపించదు.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 19వ శతాబ్దం చివర్లో ఐరిష్ నాయకుడు చార్ల్స్ స్టువర్ట్ పార్నెల్‌ను కూడా నల్లపిట్టతో పోల్చి పాట కట్టారు. బ్లాక్‌బర్డ్ అనే మాట పేరులో ఉన్న వేరే ప్రేమపాటలూ ఉన్నాయి. కాబట్టి రికార్డింగు దొరికిన సంతోషంలో వెంటనే నేర్చుకోవడం మొదలుపెట్టకుండా, అది ఈ వరుసేనా అని నాలుగు బార్లు విని నిర్ధారించుకోవాలి.

హార్న్‌పైప్ నడక

రూపాలను పోల్చే ముందు హార్న్‌పైప్ అంటే ఏమిటో స్పష్టంగా ఉండాలి. ఈ మాట మొదట కొమ్ము అమర్చిన ఒక పాత ఊదే వాద్యానికి పేరు. తరువాత ఒక నాట్యానికి, ఆ నాట్యానికి వాయించే వరుసలకు పేరైంది. పాతకాలపు ఆంగ్ల హార్న్‌పైపులు మూడు దెబ్బల లెక్కలో నడిచేవి. ఇప్పుడు మనం వినే నాలుగు దెబ్బల రకం 18వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండు రంగస్థలాల మీద ప్రచారానికి వచ్చి ఐర్లండులో వేళ్లూనుకుంది. ఒక బార్‌లో నాలుగు దెబ్బలు, ఎనిమిది చిన్న స్వరాలు ఉంటాయి. రీల్‌లోనూ లెక్క ఇంతే. కాని రీల్‌లో ఆ ఎనిమిది స్వరాలు దాదాపు సమానంగా పరుగెత్తితే, హార్న్‌పైప్‌లో ప్రతి జంటలో మొదటిది సాగి, రెండోది కుదించుకుంటుంది. ఎంత సాగాలి అన్నదానికి కాగితం మీద సరైన గుర్తు లేదు. చుక్క పెట్టి రాస్తే మూడు పాళ్లకు ఒక పాలు అవుతుంది. అంత గట్టిగా వాయిస్తే కుంటినడక అనిపిస్తుంది. రెండు పాళ్లకు ఒక పాలు దగ్గర, అంటే తిశ్ర గతిలో మొదటి రెండు అక్షరాలను కలిపి పలికినట్టు వాయిస్తే నడక కుదురుతుంది. కర్ణాటక సంగీతం నేర్చినవారికి "తకిట"లో "తక"ను ఒకే సాగుగా పట్టుకోమని చెబితే చాలు, పేజీలకొద్దీ వివరణ అక్కరలేదు.

హార్న్‌పైప్‌కు ఇంకొక ముద్ర ఉంది. భాగం చివర మూడు బరువైన దెబ్బలు ఒకదాని తరువాత ఒకటి పడతాయి, నడిచి వచ్చిన మనిషి గడప దగ్గర కాళ్లు తట్టుకున్నట్టుగా. ఈ ముద్రను గుర్తుపట్టగలిగితే, పేరు తెలియని వరుస విన్నా అది హార్న్‌పైప్ అని చెప్పగలుగుతారు.

పాట వరుస, అంటే స్లో ఎయిర్

పాట రూపంలో బ్లాక్‌బర్డ్‌కు తాళం లేదు. లయ లేదని కాదు. లయ మాటల ఊపిరి నుంచి వస్తుంది. మన దగ్గర పద్యం రాగం తీసి పాడేవారు ఛందస్సును వదలకుండానే తాళాన్ని వదిలేస్తారు. ఏ అక్షరం ఎంతసేపు నిలవాలో భావం నిర్ణయిస్తుంది. ఐరిష్ స్లో ఎయిర్‌కు ఇంతకన్నా దగ్గరి ఉపమానం నాకు తోచదు. అందువల్ల స్వరలిపి చూసి ఈ రూపం నేర్చుకోవడం దాదాపు అసాధ్యం. పుస్తకంలో నాలుగు దెబ్బల బార్లుగా ముద్రించిన ఎయిర్‌ను ముద్రించినట్టే వాయిస్తే అది ప్రార్థనాగీతంలా బిగుసుకుపోతుంది. గాయకులు మాటలతో పాడినది పదిసార్లు విని, తరువాత మాటలను మనసులో పెట్టుకుని వాయించాలి.

మూర్ఛన విషయంలోనూ ఈ రూపమే ఎక్కువ నేర్పుతుంది. సాధారణంగా డి స్వరాన్ని ఆధారంగా తీసుకుంటారు. అప్పుడు సి స్వరం చాలాచోట్ల కోమలంగా, కొన్నిచోట్ల తీవ్రంగా వినబడుతుంది. డి ని షడ్జమం అనుకుంటే కైశికి, కాకలి నిషాదాల మధ్య ఊగిసలాట అన్నమాట. మేళకర్తల లెక్కలో 28వ మేళం హరికాంభోజికీ, 29వ మేళం శంకరాభరణానికీ మధ్య ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. పైగా ఇలన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాద్యాన్ని వాయించే పాతకాలపు వాద్యకారుల చేతిలో ఆ సి స్వరం ఈ రెంటికీ నడుమ ఎక్కడో నిలబడుతుంది. పియానో మెట్టు మీద దొరకని ఆ స్థానం మెట్లు లేని వయొలిన్ మీద సులభంగా దొరుకుతుంది. మొదటిసారి విన్నవారు దానిని శ్రుతిదోషం అనుకుని సరిచేస్తారు, సరిచేయకండి.

కర్ణాటక వయొలిన్ నుంచి వచ్చేవారికి ఇక్కడ రెండు గుంటలున్నాయి. ముత్తుస్వామి దీక్షితులు ఐరోపా వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నోట్టుస్వరాలను మనం చిన్నప్పుడే నేర్చుకుంటాం. బ్రిటిష్ రాజగీతం వరుసలో ఉన్న "సంతతం పాహిమాం" వాటిలో ఒకటి. అందుచేత పడమటి వరుస అనగానే గమకం లేకుండా, స్వరాలను మెట్లుమెట్లుగా, శంకరాభరణంలో నిటారుగా వాయించాలన్న అలవాటు చేతికి ఉంటుంది. ఎయిర్‌ను అలా వాయిస్తే ప్రాణం పోతుంది. దీనికి వ్యతిరేకంగా, ఇది నెమ్మదైన వరుస కదా అని ప్రతి నిషాదానికీ కంపితం పెట్టేవారూ ఉన్నారు. అప్పుడు అది మంచి ఆలాపనే కావచ్చు గాని బ్లాక్‌బర్డ్ కాదు. ఐరిష్ అలంకారాలు చిన్నవి: స్వరం ముందు ఒక చిటికె వేలు తాకిడి, స్వరం చుట్టూ ఒక చిన్న చుట్టు, అప్పుడప్పుడు కింది నుంచి ఒక జారు. ఎయిర్‌లో వీటిని కూడా పొదుపుగా వాడాలి.

ఎవరికి తగినది? ఒంటరిగా వాయించుకునేవారికి, నిదానంగా వినే సభ ఉన్నవారికి, పైప్స్ లేదా ఫిడిల్ (వయొలిన్‌కే అక్కడి పేరు) వంటి సాగే వాద్యం ఉన్నవారికి. కలిసి వాయించే గోష్ఠిలో ఎయిర్‌ను ఒకరే వాయిస్తారు. మిగిలినవారు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని వింటారు. అది తెలియక వెనుక గిటార్ మోగించబోతే చుట్టూ ఉన్నవారి చూపులే సమాధానం చెబుతాయి.

సెట్ డాన్స్

ఐర్లండులో 18వ శతాబ్దం నుంచి ఊరూరా తిరిగి నాట్యం నేర్పిన నాట్యాచార్యులు ఉండేవారు. 1770లలో ఆ దేశంలో పర్యటించిన ఆంగ్లేయుడు ఆర్థర్ యంగ్, పేద రైతుల పిల్లలకు కూడా వారు నాట్యం నేర్పుతున్నారని ఆశ్చర్యంతో రాశాడు. ఏదో ఒక ప్రత్యేక వరుసకే సరిపోయేట్టు కూర్చిన ఒంటరి నాట్యాన్ని సెట్ డాన్స్ అంటారు. ఎనిమిది మంది జంటలుగా ఆడే సెట్‌తో దీనికి సంబంధం లేదు. బ్లాక్‌బర్డ్ ఆ కోవకు చెందినది. సంప్రదాయ సెట్లుగా లెక్కించే ఏడింటిలో ఇదొకటి. అడుగులు కూడా తరాలుగా వచ్చినవే కావడంతో ఒక బడికీ మరో బడికీ చిన్న చిన్న తేడాలు తప్ప నాట్యం ఒక్కటే.

ఇప్పుడు ఆ అర బార్ సంగతి. సాధారణ హార్న్‌పైప్‌లో ప్రతి భాగానికీ 8 బార్లు ఉంటాయి. వేలాది వరుసలు ఇదే కొలతలో ఉన్నందువల్ల వాద్యకారుల శరీరానికి అది లెక్కపెట్టనవసరం లేని అలవాటైపోతుంది. బ్లాక్‌బర్డ్ సెట్ డాన్స్‌లో మొదటి భాగం ఏడున్నర బార్లు, రెండో భాగం 15 బార్లు. మొదటి భాగాన్ని నాట్యభాషలో స్టెప్ అంటారు. నర్తకి దానిని కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి ఆడుతుంది. రెండో భాగం పేరు సెట్, అది ఒక్కసారే.

దీనిని మన లెక్కలోకి మార్చి చూస్తే విషయం తేటపడుతుంది. ఏడున్నర బార్లంటే 30 దెబ్బలు. ఆదితాళం 8 దెబ్బలు కనుక, చేత్తో ఆదితాళం వేస్తూ వింటే మొదటి భాగం పూర్తయ్యేసరికి మీ తాళం మూడు ఆవర్తనాలు దాటి ఆరో దెబ్బ దగ్గర ఉంటుంది. అంటే రెండోసారి ఎత్తుకునే చోటు ఏడో దెబ్బ మీద, ఒక ద్రుతం మొదట్లో పడుతుంది. మళ్లీ 30 దెబ్బలు గడిస్తే మొత్తం 60. ఇప్పుడు సెట్ భాగం ఐదో దెబ్బ దగ్గర మొదలవుతుంది. సెట్ భాగపు 60 దెబ్బలూ అయ్యాక మొత్తం 120, సరిగ్గా 15 ఆవర్తనాలు. దారి పొడవునా తప్పిపోయినట్టు కనిపించిన తాళం చివరికి సమానికే, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకే, వచ్చి నిలబడుతుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్న రోజున నాకు కలిగిన ఆనందం ఏ తనియావర్తనంలోని ముక్తాయింపు విన్నప్పటికీ తక్కువ కాదు. పక్కవాద్యానికి మృదంగం కూర్చుంటే ఆయనకు ఇది చెప్పకుండా మొదలుపెట్టడం అన్యాయం.

ఇక ప్రమాదం ఎక్కడ ఉంది? చివరి దీర్ఘస్వరం దగ్గర. ఎనిమిది బార్లకు అలవాటుపడిన చేయి ఆ స్వరాన్ని తనకు తెలియకుండానే ఇంకో రెండు దెబ్బలు పొడిగిస్తుంది. వినేవారికి ఏ లోపమూ వినబడదు. నర్తకి మాత్రం ఎడమకాలు గాలిలోకి లేపి నిలబడిపోతుంది. ఒక చిన్న కార్యక్రమంలో నేనే ఈ పని చేశాను. రెండు నెలలు ఇంట్లో ఒంటరిగా వాయించినంతకాలం నా బ్లాక్‌బర్డ్ నాకు ముచ్చటగానే వినిపించింది. పన్నెండేళ్ల అమ్మాయి అడుగులు నా స్వరాలకన్నా అర బార్ ముందు నేలను తాకిన క్షణంలోనే అది సెట్ డాన్స్ కాదని తెలిసింది. ఆ పిల్ల ఆగలేదు, తన లెక్కలో తాను పూర్తిచేసింది. ఆగింది నేను.

పాట వరుసను ముందుగా నేర్చుకోమని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. పాటలో చరణపాదం ముగియగానే గాయకుడు ఊపిరి తీసుకుని తరువాతి మాటను ఎత్తుకుంటాడు. ఎనిమిదో బార్ నిండాలన్న పట్టింపు అక్కడ ఎవరికీ లేదు. నాట్యాచార్యులు ఆ పాదం పొడవును నింపకుండా, కత్తిరించకుండా యథాతథంగా తాళంలో దించారని నా ఊహ. పాట తెలిసిన చేతికి ఆ ముగింపు లోటుగా అనిపించదు, మాట పూర్తయింది కనుక స్వరమూ పూర్తయిందని తోస్తుంది. పాట తెలియని చేయి మాత్రం ప్రతిసారీ దెబ్బలు లెక్కపెట్టుకోవలసిందే. లెక్కపెట్టుకుంటూ వాయించేవారి నడక బిగుసుకుపోతుంది.

వేగం గురించి కూడా ఒక మాట. సంప్రదాయ బ్లాక్‌బర్డ్‌ను నిమిషానికి 144 దెబ్బల ప్రాంతంలో వాయించడం పరిపాటి. ఆ వేగంలో 60 దెబ్బలకు 25 సెకన్లు, మొత్తం ఒక చుట్టుకు 50 సెకన్లు పడతాయి. చాలా చిన్న పద్దు అనిపిస్తుంది గాని, ఆ 50 సెకన్లలో వేగం ఎక్కడా పెరగకూడదు, తగ్గకూడదు. పోటీల నియమాలు మండలిని బట్టి, వయోవర్గాన్ని బట్టి మారుతుంటాయి కనుక, నర్తకి గురువును మూడు విషయాలు ముందే అడిగి రాసుకోండి: మెట్రోనోమ్ (లయను కొలిచి దెబ్బలు వినిపించే పరికరం) వేగం ఎంత, నాట్యానికి ముందు ఎత్తుగడగా ఎన్ని బార్లు వాయించాలి, ముగింపు ఎక్కడ. డబ్లిన్, కార్క్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఐరిష్ నాట్యం బడికి వెళుతుంటే, ఇంట్లో వయొలిన్ నేర్చిన తల్లో తండ్రో సాధనకు తోడ్పడాలనుకోవడం సహజం. అటువంటివారు మొదట నేర్చుకోవలసిన సుగుణం మెట్రోనోమ్‌కు కట్టుబడి ఉండడం. అలంకారాలు లేకపోయినా నర్తకి క్షమిస్తుంది.

గోష్ఠిలో వాయించే హార్న్‌పైప్

ఇదే వరుసను నర్తకి లేకుండా, కేవలం సంగీతంగా, హార్న్‌పైప్ నడకలో వాయించడం మూడో రూపం. స్వరాలు చాలావరకు సెట్ డాన్స్‌వే. తేడా ఉద్దేశంలో ఉంది. ఇక్కడ వాద్యకారుడికి స్వేచ్ఛ ఎక్కువ: రెండోసారి వాయించేటప్పుడు స్వరాలు మార్చుకోవచ్చు, మూడు స్వరాల గుత్తులను చొప్పించవచ్చు, వేగాన్ని తన మనసుకు తగినట్టు దించుకోవచ్చు. రీల్‌లో స్వరం చుట్టూ తిరిగే చుట్టు ఎంత ముఖ్యమో, హార్న్‌పైప్‌లో ఈ మూడు స్వరాల గుత్తి అంత ముఖ్యం. ఫిడిల్ మీద వీటిని కమానుతో విడివిడిగా చిటపటలాడించే పద్ధతి ఒకటి, ఒకే లాగుడులో జారవిడిచే పద్ధతి మరొకటి. మొదటిది నాట్యానికి ఉత్సాహాన్నిస్తుంది, రెండోది చెవికి హాయిగా ఉంటుంది.

అయితే బ్లాక్‌బర్డ్ గోష్ఠికి అంత సులువైన వరుస కాదన్నది నా అనుభవం. అర బార్‌ను కొందరు ఉంచుతారు, కొందరు అలవాటు కొద్దీ నింపేస్తారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే రెండోసారి ఎత్తుకునేటప్పుడు తొక్కిసలాట తప్పదు. కొత్త గోష్ఠిలో దీనిని మీరుగా మొదలుపెట్టకండి. అక్కడివారు ఎలా వాయిస్తున్నారో ఒకసారి విని, వారి లెక్కలోకి దిగండి. ఏ లెక్క సరైనదన్న వాదన కాఫీ దగ్గర పెట్టుకోవచ్చు.

రీల్ రూపం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వేగం పెరిగేకొద్దీ ఈ వరుసలోని విచారం కరిగిపోతుంది. ఎయిర్, సెట్ డాన్స్ వరుసగా వాయించి చివర కొసమెరుపుగా వేగం అందుకోవాలనుకునేవారికి పనికివస్తుంది; దానికోసమే ప్రత్యేకంగా కష్టపడమని ఎవరికీ చెప్పను.

ఎక్కడి నుంచి నేర్చుకోవాలి

పుస్తకం కావాలంటే తొలి ఆశ్రయం ఫ్రాన్సిస్ ఓనీల్. కార్క్ జిల్లాలో 1848లో పుట్టి, అమెరికా చేరి, 1901 నుంచి 1905 వరకు షికాగో నగర పోలీసు అధిపతిగా పనిచేసిన ఈయన, నగరంలోని ఐరిష్ వలసదారుల దగ్గర వరుసలు సేకరించి 1903లో 1850 వరుసల సంపుటాన్నీ, 1907లో 1001 నాట్య వరుసల సంపుటాన్నీ అచ్చువేయించాడు. స్వరలిపి రాసినది అదే పోలీసు శాఖలో ఉన్న జేమ్స్ ఓనీల్. ఒక పోలీసు అధిపతి నాట్య వరుసలు పోగుచేయడం వింతగా తోచవచ్చు గాని, సంగీతం వచ్చినవారికి ఆయన దగ్గర ఉద్యోగం సులభంగా దొరికేదన్న మాట ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆయన పుస్తకాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, ముద్రించిన రూపం ఒక్కటే కావడంతో అదే అసలుదన్న భ్రమ కలుగుతుంది. అది 20వ శతాబ్దం తొలినాళ్లలో ఒక నగరంలో కొందరు వాయించిన పద్ధతి మాత్రమే.

రెండో దారి విని నేర్చుకోవడం. కెర్రీ, కార్క్ జిల్లాల సరిహద్దులోని శ్లీవ్ లూఖ్రా ప్రాంతంలో ఊరూరా తిరిగి ఫిడిల్ నేర్పిన పాడ్రిగ్ ఓకీఫ్ అనే గురువు ఉండేవారు. 1887లో పుట్టి 1963లో మరణించారు. ఆయన నెమ్మదైన ఎయిర్లు వాయించడంలో పేరుపొందారు. శిష్యులకోసం ఆయన సొంత లిపి కల్పించుకున్నారు: నాలుగు తీగలకు నాలుగు ఖాళీలు, ఏ వేలు పెట్టాలో చెప్పడానికి అంకెలు. స్వరలిపి చదవలేని రైతుబిడ్డలు ఆ కాగితాలతో వందల వరుసలు నేర్చుకున్నారు. అయినా కమాను లాగే తీరు కాగితం మీద పూర్తిగా దొరకదు. అది గురువు చేతిని చూసి పట్టుకోవలసిందే. ఇప్పుడు మనకు అటువంటి గురువు ఎదురుగా లేకపోయినా, డబ్లిన్‌లో 1987లో ఏర్పడిన ఐరిష్ సంప్రదాయ సంగీత భాండారం పాత రికార్డింగులను, స్వరలిపులను వినడానికి, చూడడానికి అందుబాటులో ఉంచుతోంది. ఒక పైప్స్ వాద్యకారుడిది, ఒక ఫిడిల్ వాద్యకారుడిది, ఒక గాయకుడిది, మూడు వేర్వేరు బ్లాక్‌బర్డ్‌లు తీసుకుని వారం రోజులు వాయించకుండా వినమని నా సలహా. మూడింటిలోనూ మారకుండా ఉన్న స్వరాలే ఈ వరుసకు ఎముకలు. మిగిలినది ఎవరి కండ వారిది.

వయొలిన్ శ్రుతి

కర్ణాటక వయొలిన్ సాధన చేసేవారికి ఒక ఆచరణ సమస్య ఉంది. మన తీగలు మంద్రం నుంచి స, ప, స, ప. ఐరిష్ ఫిడిల్ తీగలు జి, డి, ఎ, ఇ, ఒక్కొక్కటి ముందుదానికి పంచమం. మన మధ్య రెండు తీగల నడుమ దూరం మధ్యమం కనుక, ఫిడిల్ పాఠంలో చూపిన వేళ్లు సగం చోట్ల మన తీగల మీద సరిపడవు. ఎయిర్ ఒక్కటే నేర్చుకోదలిస్తే శ్రుతి మార్చకుండా, షడ్జమాన్ని ఆధారంగా తీసుకుని, చెవితో పట్టుకోవచ్చు. తీగ మీద పైకి జారే అలవాటు మనకు ఉండనే ఉంది, అది ఇక్కడ పనికివస్తుంది కూడా. సెట్ డాన్స్‌కు, హార్న్‌పైప్‌కు మాత్రం ఆ దారి మంచిది కాదు. ఆ వేగంలో మూడు స్వరాల గుత్తులు చేయి కదలకుండా, తీగ మారుతూ రావాలి. ఆ రెంటికీ ఇంకొక వయొలిన్‌ను జి, డి, ఎ, ఇ శ్రుతిలో వేరుగా ఉంచుకోవడమే మేలు. రోజూ శ్రుతి మార్చి మార్చి తీగలు తెంచుకోవడం కన్నా అది చౌక. కింద కూర్చుని, వాద్యం తల పాదానికి ఆనించి వాయించే మన పద్ధతిని మార్చుకోనక్కరలేదు.

టిన్ విజిల్‌తో మొదలుపెట్టేవారికి ఈ బాధ లేదు. డి విజిల్ ఒకటి కొంటే చాలు. కోమల సి స్వరానికి అన్నిటికన్నా పైరంధ్రాన్ని తెరిచి, దాని వెంటనే కిందనున్న రెండింటిని మూసే అడ్డవేళ్ల పద్ధతి మొదటి వారంలోనే నేర్చుకోవాలి. లేకపోతే ప్రతిచోటా తీవ్ర సి పలికి వరుస రంగు మారిపోతుంది.

ఇది బరువనిపిస్తే

ఐరిష్ సంగీతం ఇప్పుడే మొదలుపెట్టినవారికి బ్లాక్‌బర్డ్ మొదటి హార్న్‌పైప్‌గా వద్దు. నడక చేతికి పట్టేదాకా 8 బార్ల సాధారణ హార్న్‌పైప్ ఏదైనా తీసుకోండి. బాయ్స్ ఆఫ్ బ్లూహిల్ దాదాపు ప్రతి గోష్ఠిలోనూ వినబడుతుంది, వేళ్లకూ తేలిక. సెట్ డాన్స్ తప్పనిసరి అయితే, సంప్రదాయ సెట్లలోనే ఉన్న కింగ్ ఆఫ్ ద ఫెయిరీస్‌లో స్టెప్ 8 బార్లు, సెట్ 16 బార్లు కనుక లెక్క తప్పే భయం ఉండదు. దాని వరుస కూడా ఆకట్టుకునేదే, కొంచెం నాటకీయమైనది. అక్కడ ఆరు నెలలు గడిపి బ్లాక్‌బర్డ్‌కు రండి.

వచ్చిన తరువాత నేను సూచించే క్రమం ఇది: రెండు వారాలు ఎయిర్ వినడం, మూడు వారాలు దానిని మెట్రోనోమ్ లేకుండా వాయించడం, ఆ తరువాత నిమిషానికి 90 దెబ్బల దగ్గర సెట్ డాన్స్ మొదలుపెట్టి వారానికి ఆరేసి దెబ్బలు పెంచడం. 144కు చేరడానికి ఇంకో తొమ్మిది వారాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారైనా, ఏ వేగంలోనైనా సరే, అడుగులు తెలిసిన నర్తకి ఒకరిని ఎదుట నిలబెట్టుకుని మొదటి భాగం రెండుసార్లు వాయించి చూడండి. ఎడమకాలు సరిగ్గా మీ రెండో ఎత్తుగడ మీద పడిందంటే మిగిలిన 15 బార్లు నేర్చుకోవచ్చు.